దానపు చిట్టా, జీతపు పట్టీ: బందరు సీమలో సేవాసంస్థలు, వికలాంగుల కొలువు

ఏ ధర్మసంస్థ స్వభావాన్నయినా తెలుసుకోవడానికి అది రాసిపెట్టుకునే రెండు పుస్తకాలను పక్కపక్కన ఉంచి చదవడం ఉపయోగకరమైన పద్ధతి. మొదటిది సంస్థ నుంచి అన్నమో బట్టో పైకమో అందుకున్నవారి పేర్లుండే దానపు చిట్టా. రెండోది సంస్థలో పనిచేసి, నెలాఖరున సంతకం పెట్టి జీతం పుచ్చుకునేవారి పేర్లుండే జీతపు పట్టీ, కచేరీ వాడుకలో అక్విటెన్సు. కృష్ణా డెల్టా దిగువ భాగమైన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో వికలాంగుల చరిత్రను ఈ రెండు పుస్తకాల మధ్య సాగిన ప్రయాణంగా చూడవచ్చు. మొదటి పుస్తకంలో వారికి ఎప్పుడూ చోటుంది. రెండో పుస్తకంలోకి మాత్రం వారు ఆలస్యంగా, అరకొరగా, చాలాసార్లు వేరే ఊళ్ల మీదుగా చుట్టుతిరిగి వచ్చారు.

సేవాసంస్థ అంటే ఇక్కడ తన రాబడిలో మిగిలినదాన్ని సభ్యులకు పంచకుండా పెట్టుకున్న ఆశయానికే ఖర్చుచేసే సంస్థ అని అర్థం. కాలాన్నిబట్టి దాని రూపం మారింది. బాటసారుల సత్రం, క్రైస్తవ మిషను, 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సొసైటీ, ధర్మనిధి, విదేశీ విరాళాలతో నడిచే స్వచ్ఛంద సంస్థ, ఇవన్నీ ఈ నిర్వచనంలోకి వస్తాయి. వికలాంగులు అనే మాట కూడా ఇటీవలిదే. గుడ్డి, కుంటి, మూగ, చెవిటి, అవిటి అనే విడివిడి పేర్లతో ఊరు పిలిచినవారిని ఒకే గుంపుగా చేసి ఒక పేరు పెట్టినది ప్రభుత్వ కాగితమే గాని ఊరి నోరు కాదు; ఆ తర్వాత అదే కాగితం వారిని విభిన్న ప్రతిభావంతులనీ దివ్యాంగులనీ పేర్లు మార్చి రాసింది. పేరు మారినంత వేగంగా జీతపు పట్టీ మారలేదు.

పాత ఊరి ఆర్థిక వ్యవస్థలో అవిటివారికి పని లేకపోలేదు, కూలి మాత్రమే లేదు. పెడన, కప్పలదొడ్డి వంటి చేనేత ఊళ్లలో మగ్గం గుంటలో కూర్చునే నేతగాడు ఒక్కడే కనిపించినా, అతని వెనుక నూలు తోడటం, కండెలు చుట్టడం, ఆసు పోయడం వంటి పనులు ఇంటిల్లిపాదీ చేయవలసినవి. వీటిలో కాళ్ల బలం అక్కరలేనివీ, చూపు లేకపోయినా వేళ్లకు అలవాటయ్యేవీ ఉన్నాయి. సముద్రపు ఒడ్డున వల అల్లడం, తెగిన కళ్లు వేయడం, తాడు పేనడం కూడా అటువంటివే. అయితే ఆ పని ఇంటి పనిలో కలిసిపోయింది గనుక లెక్కకు రాలేదు. ఇల్లు జరిగినంత కాలం తిండికి లోటు లేదు. ఇల్లు కూలినప్పుడు, కరువొచ్చినప్పుడు, తల్లిదండ్రులు పోయినప్పుడు ఆ మనిషి గుడి మెట్ల దగ్గరికో సత్రపు అరుగు మీదికో చేరవలసి వచ్చేది. సత్రం అతనికి విస్తరి వేసింది, కాని గంట కొట్టే పనినీ, బియ్యం కొలిచే పనినీ అతని చేతికివ్వాలని తలచలేదు. దానం పుచ్చుకునేవాడు దాత పుణ్యానికి పాత్రుడు, పాత్రుణ్ణి కొలువులో పెట్టుకుంటే పుణ్యపు లెక్క తారుమారవుతుంది.

ఈ వైఖరి వెనుక పూర్వజన్మ కర్మ అనే వివరణ బలంగా పనిచేసింది. పెదవి చీలి పుట్టిన బిడ్డకు తెలుగువారు గ్రహణం మొర్రి అనే పేరు పెట్టడంలోనే ఆ బిడ్డ స్థితికి కారణాన్ని తల్లి గ్రహణవేళ చేసిన తప్పులో వెతికే అలవాటు దాగి ఉంది. వైకల్యం శిక్ష అయినచోట దయ చూపడం సాధ్యమే, హక్కుగా పని ఇవ్వడం మాత్రం ఊహకందదు. ఈ ఆలోచనను ఎదిరించినవారిలో గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావుకు ఈ సీమతో దగ్గరి సంబంధముంది. ఆయన బందరు హిందూ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి, నాస్తికత కారణంగా కొలువు పోగొట్టుకొని, 1940లో వుయ్యూరు దగ్గరి ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించగా, 1947లో అది విజయవాడకు మారింది. ఆయన భార్య సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి గ్రహణాన్ని చూడటం ఆ రోజుల్లో సాహసంగా చెప్పుకున్న విషయం. అది ఉద్యోగ ప్రయత్నం కాకపోయినా, ఉద్యోగానికి అడ్డుపడే మొదటి గోడను తాకిన చర్య.

కంపెనీ పాలనా దాని తరువాతి బ్రిటిషు పాలనా దానపు చిట్టాను ప్రభుత్వ రిజిస్టరుగా మార్చాయి. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు, బందరు ప్రాంతాలను తుడిచిపెట్టిన జ్ఞాపకం, 1876-78 నాటి మహాకరువు నేర్పిన పాఠం తోడవగా, 1880 కరువు కమిషన్ నివేదిక తర్వాత కరువు కోడ్లు అనే నిబంధనావళి తయారైంది. దాని ప్రకారం కరువు బాధితులు రెండు రాశులు: ఒళ్లు వంచి మట్టి మోయగలవారు పనికి రావాలి, వారి పేర్లు రోజువారీ హాజరు పట్టీ అయిన మస్టరు రోలులో ఎక్కుతాయి, అవిటివారు, గుడ్డివారు, ముసలివారు ఉచిత సాయం జాబితాలోకి పోతారు. ఆకలి తీర్చడంలో ఇది మానవీయమైన ఏర్పాటే, అయితే ఏ పనికీ పనికిరాకపోవడమే వైకల్యం అనే నిర్వచనాన్ని అది చట్టపు భాషలో స్థిరపరచింది. అదే కాలంలో జనాభా లెక్కలు కూడా మతిభ్రమణం, మూగచెవుడు, అంధత్వం, కుష్ఠు అనే నాలుగు లోపాలను విడిగా లెక్కించడం మొదలుపెట్టి 1931 దాకా కొనసాగించాయి. ఎంతమంది ఉన్నారో సర్కారుకు తెలుసు. వారేం చేయగలరన్న ప్రశ్నకు ఆ పట్టికల్లో గడి లేదు.

చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ టర్లింగ్‌టన్ నోబుల్ 1841లో బందరుకు వచ్చి 1843లో ప్రారంభించిన బడి తర్వాత నోబుల్ కళాశాలగా పెరిగింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు చుట్టుపక్కల దాదాపు 30,000 మంది చనిపోయినా ఆ సంస్థ నిలబడింది. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ప్రచారకులు మొదలైనవారికి నెలజీతమిచ్చే లాభాపేక్ష లేని సంస్థలు ఈ పట్టణంలో వేళ్లూనుకున్నది ఆ కాలంలోనే. అయితే వికలాంగుల కోసం ప్రత్యేకించిన పని ఇక్కడ కాక దక్షిణాన జరిగింది. 19వ శతాబ్దం చివరి దశకంలో తిరునల్వేలి దగ్గరి పాళయంకోట్టైలో అదే ఆంగ్లికన్ మిషనరీ వర్గం అంధులకూ బధిరులకూ పాఠశాలలు తెరిచింది. బందరు మిషను ఉన్నత కులాల బాలురకు ఇంగ్లీషు చదువు చెప్పడాన్ని ప్రధానంగా ఎంచుకున్నందున దాని చూపు వేరే వైపు ఉండిపోయింది.

తెలుగు నేలలో దానపు చిట్టాకూ జీతపు పట్టీకీ మధ్య గీత మొదటిసారి చెరిగిన చోటు కుష్ఠురోగుల ఆశ్రమం. ఇది కొంత విచిత్రంగా తోచినా కారణం స్పష్టమే. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం బిచ్చమెత్తే రోగులను నిర్బంధించడానికి అధికారమివ్వడంతోపాటు, అమ్మకానికి తినుబండారాలూ బట్టలూ తయారుచేయడం వంటి వృత్తులను రోగులు చేపట్టకుండా నిషేధించే వీలును కల్పించింది; బయట పని చేయనివ్వని చట్టం లోపల పని పుట్టించక తప్పని పరిస్థితిని తెచ్చింది. కెనడా బాప్తిస్టు మిషను గోదావరి జిల్లా రామచంద్రపురంలో నడిపిన ఆశ్రమం, నిజాము రాజ్యంలో నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషను తరఫున డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో నెలకొల్పిన ఆసుపత్రి ఈ కోవలోవి. ఇటువంటి ఆశ్రమాల్లో తోటపని, వంట, నేత, గోడకట్టు మొదలుకొని తోటి రోగుల పుండ్లు కడిగి కట్టుకట్టే పని దాకా రోగులే చేసేవారు. బయటివారు ముట్టుకోవడానికి జంకే శరీరాలను ముట్టుకోవడానికి మనిషి కావాలి గనుక, రోగం నయమైనవాడు అందరికంటే మంచి ఉద్యోగి అయ్యాడు. ఎక్కువ చోట్ల అతనికి దక్కినది పూర్తి జీతం కాదు, భోజనం మీద కొద్దిపాటి చేతిఖర్చు. అయినా ఒకే మనిషి రెండు పుస్తకాల్లోనూ ఉండవచ్చునన్న సంగతి అక్కడ రుజువైంది.

ఇదే రుజువు ఐరోపాలో ఇంకా ముందే, ఇంకా పదునుగా దొరికింది. పారిస్ అంధ విద్యాలయంలో చదువుకున్న లూయీ బ్రెయిల్ అక్కడే ఉపాధ్యాయుడై తన చుక్కల లిపికి మెరుగులు దిద్దాడు. చూపు క్షీణించి వైద్యవృత్తిని వదులుకున్న థామస్ రోడ్స్ ఆర్మిటేజ్ 1868లో లండనులో అంధుల సంఘాన్ని స్థాపించినప్పుడు, ఏ లిపి మంచిదో నిర్ణయించే సభ్యులు కళ్లతో కాక వేళ్లతో చదివేవారై ఉండాలని పట్టుబట్టాడు. అంధుడిని కొలువులో పెట్టుకోవడం దయ కాదని, అతని నేర్పు లేకపోతే సంస్థ పనే సాగదని చెప్పిన వాదం ఇది. ఈ వాదం భారతదేశానికి చేరడానికి నూరేళ్లు పట్టింది. అప్పటిదాకా ఇక్కడి అంధుల పాఠశాలల్లో అంధులకు దొరికిన కొలువులు సంగీతం నేర్పడం, కుర్చీలకు బెత్తం అల్లడం నేర్పడం వంటి ఒకటి రెండింటికే పరిమితమయ్యాయి.

జాతీయోద్యమం బందరులో కట్టిన సంస్థల్లో ముఖ్యమైనది 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతుల పూనికతో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల. పుస్తకపు చదువుతోపాటు చేతిపనులకూ గౌరవమిచ్చిన ఆ ఆదర్శం వికలాంగుల చదువుకూ పనికీ సరిగ్గా సరిపోయేదే, కాని స్వదేశీ యువకుడి రూపకల్పనలో దృఢమైన దేహానికే పెద్దపీట పడింది. వ్యాయామశాలలు వెలసిన యుగం అది. దేశమాత సేవకుడి చిత్రంలో ఊతకర్రకు చోటివ్వాలన్న ఆలోచన ఆనాటి నాయకుల్లో ఎవరికీ తట్టినట్లు లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టం రెండు చేతులతో వ్యవహరించింది. 1948 కనీస వేతనాల చట్టం 26వ సెక్షను, వైకల్యమున్న పనివారి కూలి విషయంలో ఆ చట్టం వర్తించకుండా మినహాయింపు ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. కనీసం అన్న మాటకు కూడా కనీసముండదని దాని తాత్పర్యం. ఆశ్రిత కార్ఖానా అనదగిన పద్ధతి, అంటే మార్కెట్టు పోటీకి దూరంగా వికలాంగుల చేత కొవ్వొత్తులూ కవర్లూ సుద్దముక్కలూ చేయించి కొద్దిమొత్తం చేతిలో పెట్టే పద్ధతి, దేశమంతటా సేవాసంస్థల్లో వ్యాపించడానికి ఈ దృక్పథమే ఊతమిచ్చింది. మరోవైపు 1959లో బొంబాయిలో వికలాంగుల ప్రత్యేక ఉపాధి కల్పనా కార్యాలయం, 1968లో బొంబాయి, హైదరాబాదుల్లో వృత్తి పునరావాస కేంద్రాలు ఏర్పడ్డాయి. బందరు కుర్రవాడు తన చేతులు ఏ పనికి తగినవో కొలిపించుకోవాలన్నా హైదరాబాదు బండెక్కవలసిందే.

1977వ సంవత్సరం ఈ చరిత్రలో ప్రత్యేకంగా ఆగవలసిన చోటు. కేంద్ర ప్రభుత్వం తన సీ, డీ గ్రూపు ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం కేటాయించిన సంవత్సరం అదే. పనికి ఆహారం పథకం మొదలైనదీ అప్పుడే. నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినదీ అప్పుడే. పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలిన కృష్ణానదికీ సముద్రానికీ మధ్య చిక్కుకున్న ఆ పల్లపు నేల మీదికి తాటిచెట్టు ఎత్తు అల వచ్చిందని జనం చెప్పుకున్నారు. సొర్లగొంది వంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోగా, సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. చెట్టు కొమ్మను పట్టుకోగలిగినవారు, దూలాన్ని కరుచుకొని తేలగలిగినవారు బతికిన ఉప్పెనలో కాళ్లులేనివారికీ కళ్లులేనివారికీ ఎంత అవకాశముండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. బతికినవారిలోనూ విరిగిన ఎముకలు సరిగా అతకక కొత్తగా అవిటివారైనవారు కలిశారు.

ఉప్పెన తర్వాతి నెలల్లో దివిసీమ స్వచ్ఛంద సంస్థలకు ఒక పెద్ద బడిగా మారింది. అవనిగడ్డకు చెందిన మండలి వెంకట కృష్ణారావు ముందుండి నడిపిన సహాయక కృషితోపాటు, రామకృష్ణ మిషను, క్రైస్తవ సంఘాలు, ఫాదర్ మైఖేల్ విండే గుంటూరు కేంద్రంగా నడిపిన గ్రామ పునర్నిర్మాణ సంస్థ, ఇంకా దేశ విదేశాల నుంచి ఎన్నో సంఘాలు వచ్చి ఇళ్లు కట్టాయి, బడులు తెరిచాయి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అంతకు ఏడాది ముందే, 1976లో, అమల్లోకి వచ్చినందున ఈ సంస్థలకు లెక్కలు పక్కాగా రాయడం తప్పనిసరైంది. ఆ విధంగా జీతపు పట్టీ అనే వస్తువు ఊరూరా ప్రవేశించింది. అంతకుముందు వ్యవసాయం, చేపలవేట తప్ప వేరే కొలువు తెలియని పల్లెల్లో సూపరువైజరు, స్టోరుకీపరు, బాలవాడీ టీచరు, ఫీల్డు వర్కరు అనే కొత్త ఉద్యోగాలు పుట్టాయి. సేవాసంస్థ ఈ సీమలో పెద్ద యజమాని అయిన కాలమది.

ఆ యజమాని ఎవరిని ఎంచుకున్నాడన్నది పని స్వభావమే నిర్ణయించింది. ఫీల్డు వర్కరంటే తెల్లారి సైకిలెక్కి కాలవగట్ల వెంట నాలుగైదు ఊళ్లు తిరిగి, వానాకాలంలో బురదలో సైకిలును భుజాన వేసుకొని, సాయంత్రం ఆఫీసుకొచ్చి నివేదిక రాసే మనిషి. ఆ నివేదిక రాయడానికి, ధాన్యం బస్తాల లెక్క చూడటానికి, పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి కాళ్లు అవసరం లేదు. అయినా ఉద్యోగాన్ని విడదీసి చూసే అలవాటు లేక సైకిలే అర్హతగా నిలిచింది. ఆ సంస్థలు కట్టిన తుఫాను రక్షణ భవనాల తీరు కూడా ఇటువంటిదే. నీరు కిందినుంచి పోయేలా స్తంభాల మీద లేపి కట్టిన ఆ భవనాన్ని చేరాలంటే ముందు మెట్లెక్కాలి. ఎవరికి అది అందరికంటే ఎక్కువ అవసరమో వారికే అది అందరికంటే ఎత్తున ఉంది. ఇందులో దురుద్దేశం వెతకడం అన్యాయం, కాని నిర్మాణ సంఘంలో ఊతకర్ర పట్టిన సభ్యుడొక్కడున్నా నక్షా మరోలా ఉండేదనుకోవడం న్యాయం.

1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. యాభై ఏళ్ల విరామం తర్వాత జనాభా లెక్కలు మళ్లీ వికలాంగులను లెక్కించాయి, రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ ఏర్పడింది. ఊళ్లలో ఆ ఏటి ఆనవాలుగా మిగిలినది మూడు చక్రాల బండి. సేవాక్లబ్బులు వేదిక వేసి, దాతల ఫోటోలు తీసి, బండ్లూ ఊతకర్రలూ జైపూరు కాళ్లూ పంచిపెట్టిన ఆ సభల ఉపకారాన్ని తక్కువ చేయనక్కరలేదు. బండి లేనిదే బజారుకు పోవడమెలా? అయితే బండి ఎక్కి ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు క్లబ్బుల దగ్గర జవాబు లేదు. జవాబు కొంతవరకు టెలిఫోన్ శాఖ నుంచి వచ్చింది: వికలాంగులకు ప్రాధాన్యమిచ్చి కేటాయించిన ఎస్టీడీ బూతులు 1990ల్లో బస్టాండ్ల దగ్గరా ఆసుపత్రుల దగ్గరా ఎందరికో బతుకుతెరువయ్యాయి. సెల్‌ఫోన్ రాగానే ఆ పసుపు బోర్డులతోపాటు ఆ బతుకుతెరువూ మాయమైంది.

దానానికి బదులు ఉద్యోగం అడగడం వికలాంగులే సంఘాలుగా ఏర్పడి మొదలుపెట్టిన పని. 1980 మార్చి 16న ఢిల్లీలో ఉద్యోగాల కోసం ఊరేగిన అంధుల మీద లాఠీచార్జి జరగడం దేశాన్ని కలవరపరచింది. 1995 వికలాంగుల చట్టం ఈ ఒత్తిడికి ఫలితం. అది 3 శాతం కేటాయింపును చట్టబద్ధం చేసింది. అంతకంటే ఈ వ్యాసానికి ముఖ్యమైన విషయమేమంటే, కేటాయింపు వర్తించే సంస్థల నిర్వచనంలో ప్రభుత్వ సహాయం పొందే సంస్థలను కూడా చేర్చింది. బందరులో నోబుల్, హిందూ వంటి పాత కళాశాలలు ధర్మసంఘాల యాజమాన్యంలో ఉంటూ ప్రభుత్వ గ్రాంటుతో జీతాలిచ్చినవే గనుక, లాభాపేక్ష లేని సంస్థ అన్న గుర్తింపు వాటిని ఈ బాధ్యత నుంచి తప్పించదు. అయితే ఖాళీలను ఎలా లెక్కపెట్టాలన్న తగవు సుప్రీంకోర్టుదాకా వెళ్లి, 2013 అక్టోబరులో తీర్పు వచ్చేదాకా 3 శాతం అన్న అంకె చాలాచోట్ల కాగితం మీదే నిలిచింది.

వికలాంగుల కోసమే పెట్టిన సేవాసంస్థల సంగతి ఇంకా చిక్కైనది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ప్రత్యేక ఉపాధ్యాయుడు, వాక్చికిత్సకుడు వంటి వృత్తినిపుణులు మండలిలో నమోదై ఉండాలి. ఇది పిల్లల మేలు కోరిన నిబంధనే. కాని ఆ శిక్షణనిచ్చే కళాశాలలకు వెళ్లగలిగిన వికలాంగులు కొద్దిమంది గనుక, వికలాంగుల బడిలో టీచరు సకలాంగుడు, వార్డెను సకలాంగుడు, తోటమాలి మాత్రం పోలియో కాలువాడు అనే అమరిక సహజంగా కనిపించసాగింది. కేంద్ర గ్రాంటు పథకాల్లో ఈ ఉద్యోగుల జీతానికి పెట్టిన పేరు గౌరవ వేతనం. అందులో గౌరవం ఎంతుందో తూచడం కష్టం గాని, వేతనం ఎంత తక్కువో తూచడం సులువు. పైగా గ్రాంటు విడత ఆలస్యమైతే నెలలతరబడి అదీ ఉండదు. ఇంటి ఆసరా ఉన్న సకలాంగుడు ఆ నెలలను ఎలాగో గట్టెక్కగలడు. ఆటోకు రెట్టింపు ఖర్చుచేసి పనికి వచ్చే వికలాంగుడికి అది సాధ్యం కాదు, కాబట్టి పట్టీలో చేరిన పేరు కూడా త్వరగా జారిపోతుంది.

ఈ అమరికకు భిన్నమైన నమూనా రాయలసీమలో కనబడింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు, అంటే జనం నోట ఆర్డీటీ, గ్రామాల్లో వికలాంగుల సంఘాలను కూడగట్టి, వికలాంగ స్త్రీలు చేతివస్తువులు తయారుచేసే కేంద్రాలను నడిపింది. ఉత్పత్తికి కొనుగోలుదారు ఉన్నందున అక్కడ కూలికి ఆధారం దానం ఒక్కటే కాలేదు. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ వెలుగు పథకం ద్వారా మండల స్థాయిలో వికలాంగుల సమాఖ్యలను నిలబెట్టింది; తర్వాత ఉపాధి హామీ పథకంలో వికలాంగుల శ్రమశక్తి సంఘాలు ఏర్పడి, కరువు కోడ్ల కాలంలో ఉచిత సాయం జాబితాకు తోసివేసిన పేర్లు మస్టరు రోలులోకి ఎక్కాయి. పని ప్రదేశంలో నీళ్లందించడం, పసిపిల్లలను చూడటం, తక్కువ మట్టి తవ్వి పూర్తి కూలి పొందడం చిన్న విషయాలుగా కనిపించవచ్చు; మస్టరులో పేరుందంటే ఆ మనిషి కూలీ, యాచకుడు కాడు.

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచి, ప్రభుత్వ, సహాయక సంస్థల్లో కేటాయింపును 4 శాతం చేసింది. ప్రైవేటు సంస్థ అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో కంపెనీతోపాటు సొసైటీ, ట్రస్టు, సంఘం కూడా ఉన్నాయి. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని, అందులో 20 మందికంటే తక్కువ సిబ్బందిగల సంస్థలు ఇవ్వవలసిన వివరాలు తక్కువని నిబంధనలు చెప్పాయి. సహేతుకమైన సర్దుబాటు అనే భావన కూడా ఈ చట్టంతో వచ్చింది. ఉద్యోగిని ఉద్యోగానికి తగినట్టు వంచడానికి బదులు, యజమానికి మోయరాని భారం కానంతవరకు ఉద్యోగాన్నే మనిషికి తగినట్టు మలచడం దాని అర్థం. దివిసీమ ఫీల్డు వర్కరు సైకిలును గుర్తుకు తెచ్చుకుంటే ఈ భావన నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చిందని తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని 2.68 కోట్ల వికలాంగుల్లో పనిచేసేవారు 36 శాతమే, స్త్రీలలో 23 శాతమే. మరోవైపు ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. వైకల్య శాతాన్ని తేల్చే సదరం సర్టిఫికెట్టు ఉన్నవారికి ఒకటో తేదీన ఇంటికి చేరే ఈ పైకం ఎన్నో కుటుంబాలను నిలబెడుతున్నదనడంలో సందేహం లేదు. చిన్న సంస్థలు ఇచ్చే గౌరవ వేతనాలు దీనితో పోల్చుకునే స్థాయిలో ఉండటమే చింతించవలసిన సంగతి. రెండు పుస్తకాల్లోనూ అంకెలు దగ్గరపడితే, సర్టిఫికెట్టులోని శాతాన్ని ఎవరు తిరిగి పరీక్షిస్తారోనన్న భయంతో రెండో పుస్తకం వైపు రావడానికి వెనుకాడటం మనుష్య స్వభావం.

ఈ సీమ నుంచి వచ్చి రెండు పుస్తకాల మధ్య గీతను బలంగా చెరిపిన వ్యక్తి బొల్లా శ్రీకాంత్. బందరు దగ్గరి సీతారామపురంలో వ్యవసాయ కుటుంబంలో చూపు లేకుండా పుట్టిన ఆయన, హైదరాబాదులో 1991లో ఏర్పడిన దేవ్‌నార్ అంధుల సంస్థలో చదివారు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి అంధ విద్యార్థికి అనుమతి లేదని బోర్డు నిరాకరించగా కోర్టుకు వెళ్లి, నెలల తరబడి పోరాడి అనుమతి తెచ్చుకొని, ఇంటర్మీడియట్‌లో 98 శాతం మార్కులు సాధించారు. ఐఐటీ శిక్షణా కేంద్రాలు చేర్చుకోకపోవడంతో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు వెళ్లారు. 2011లో ఆయన సహచరులతో కలిసి పెట్టిన మొదటి సంస్థ లాభాపేక్ష లేనిదే: బహుళ వైకల్యాలున్న పిల్లల కోసం సమన్వయ్ అనే కేంద్రం. అక్కడ చదువూ వృత్తిశిక్షణా నేర్చుకున్నవారు తర్వాత ఏం చేయాలన్న ప్రశ్నే మరుసటి ఏడాది బొల్లాంట్ ఇండస్ట్రీస్ పుట్టుకకు దారితీసింది. పోకచెట్టు ఆకుల పళ్లేలు, పునర్వినియోగ కాగితంతో సామాను పెట్టెలు తయారుచేసే ఆ కంపెనీ వికలాంగులను కార్మికులుగా పెద్ద సంఖ్యలో తీసుకుంది, రతన్ టాటా పెట్టుబడి పెట్టారు, 2024లో ఆయన జీవితం హిందీ సినిమాగా వచ్చింది.

సేవాసంస్థగా మొదలైన ప్రయత్నం జీతం దగ్గరికి వచ్చేసరికి కంపెనీ రూపం తీసుకోవడం ఆలోచించదగిన విషయం. దానం మీద నడిచే సంస్థకు ఉద్యోగం ఇవ్వడం ఖర్చు, ఉత్పత్తి మీద నడిచే సంస్థకు అది పెట్టుబడి. సేవాసంస్థలన్నీ కంపెనీలు కావాలని దీని నుంచి తేల్చడం తొందరపాటు; ఆశ్రమంలో కట్టుకట్టిన రోగి, వేళ్లతో లిపిని పరీక్షించిన ఆర్మిటేజ్ సంఘ సభ్యుడు చేసిన పనికి మార్కెట్టులో ధర లేదు, అయినా ఆ పని లేకుండా సంస్థ లేదు. బొల్లాంట్ జీతపు పట్టీ హైదరాబాదులో ఉంది. సీతారామపురం పిల్లవాడు అందులో చేరాలంటే ఇప్పటికీ బందరు వచ్చి రాత్రి బండి ఎక్కాలి.